పైరుకో డాక్టరు... మరి రైతుకు?

కౌన్సెలింగ్ అనే మాట వినగానే మన పల్లెల్లో రెండు సంగతులే గుర్తుకొస్తాయి. ఒకటి పిల్లల ఇంజనీరింగు సీటు. రెండోది పోలీసు స్టేషన్లో రౌడీషీటర్లను వరసగా నిలబెట్టి చెప్పే నీతులు. మూడో కౌన్సెలింగ్ ఒకటుంది, అది సేద్యం చేసుకునే మనలాంటి వాళ్లకు కూడా పనికొస్తుంది అని చెబితే ‘మాకేమన్నా పిచ్చా?’ అని ఎదురడుగుతారు. ఈ ఒక్క మాటే ఎంతోమందిని ఆస్పత్రి గడప తొక్కనీయకుండా ఆపుతోంది. అందుకే ఈ వారం ఎరువులు, పురుగుమందుల సంగతి పక్కనబెట్టి ఈ విషయం మాట్లాడుకుందాం.

మిరప ఆకు ముడుచుకుంటే మనం ఏం చేస్తాం? నాలుగు కొమ్మలు తుంచి సంచిలో వేసుకుని లాం ఫారానికి పోతాం. అక్కడి శాస్త్రవేత్త ఆకు తిరగేసి చూస్తాడు. పైముడత అయితే తామర పురుగు అంటాడు, కింది ముడత అయితే నల్లి అంటాడు. రెండూ ముడతే అయినా మందు ఒకటి కాదు. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు పూతమీద పడ్డప్పుడు మన జిల్లాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. దుకాణంవాడు ఇచ్చిన మందల్లా కొట్టాం. పూత నిలవలేదు, పెట్టుబడి మాత్రం పెరిగింది.

మనిషి సంగతీ అంతే. నిద్ర పట్టదు. అన్నం సయించదు. పొలం వెళ్లబుద్ధి కాదు. ఎవరన్నా పలకరిస్తే చిరాకు. ఇది అప్పు దిగులా, థైరాయిడా, షుగరా, తాగుడు తెచ్చిన తంటానా, డిప్రెషన్ అనే జబ్బా? బయటినుంచి చూస్తే అన్నీ ఒకే రకంగా కనబడతాయి. ఏదో తేల్చి చెప్పడానికి చదువుకున్న మనిషి కావాలి. ఆకు చూపించడానికి లేని సిగ్గు మనసు చూపించడానికి ఎందుకు?

పాత గాయమే

ఈ బాధ మన ప్రాంతానికి కొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసినప్పుడు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి 1997-98లో వరంగల్ పత్తి రైతుల వంతు వచ్చింది. 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చి ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం అన్నది. తర్వాతి ప్రభుత్వాలు ఆ సొమ్మును పెంచుకుంటూ వచ్చాయి. ఆ కుటుంబాలకు అది అవసరమే, కాదనడం లేదు. కౌలు కాగితం లేదని, ఫలానా అప్పు లెక్కకు రాదని చెప్పి తిప్పించుకోకుండా ఇవ్వాలి కూడా.

కానీ ఒక్కటి ఆలోచించండి. రైతు చనిపోయాక తహసీల్దారు వస్తాడు, వ్యవసాయాధికారి వస్తాడు, పోలీసు వస్తాడు. పాస్‌బుక్కు, అప్పు నోట్లు అన్నీ చూస్తారు. ఈ మందిలో ఒక్కడు, ఒకే ఒక్కడు, ఆరు నెలల ముందు వచ్చి ‘ఏం బాబాయ్, నిద్ర పడుతోందా?’ అని అడిగి ఉంటే? సర్కారు లెక్క చావు దగ్గర మొదలవుతోంది. బతికున్నప్పుడే మొదలు కావాలన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

మొదటిసారి వెళితే...

తెలియని చోటికి వెళ్లాలంటే ఎవరికైనా బెరుకే. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది. మన పెదకాకాని చుట్టుపక్కలవాళ్లకు దగ్గర గుంటూరు పెద్దాసుపత్రి. మానసిక వైద్య విభాగం అక్కడుంది. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. పొద్దున్నే వెళ్లాలి. ఆధార్ కార్డు, అంతకుముందు వేరే జబ్బులకు వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకుపోవాలి. కౌంటర్లో ఓపీ చీటీ రాయించుకోవాలి. జ్వరానికి రాసే చీటీలాంటిదే అది. అక్కడ కూర్చున్నవాళ్లను చూస్తే మీకే తెలుస్తుంది. చీర నలగకుండా కట్టుకొచ్చిన టీచరమ్మ ఉంటుంది, పరీక్షల భయం పట్టుకున్న ఇంటర్ పిల్లాడుంటాడు, నిద్ర పట్టని ముసలాయన ఉంటాడు. గొలుసులు, అరుపులు సినిమాల్లో చూసినవి. ఓపీలో అవేమీ ఉండవు.

ఒక సంగతి ముందే చెప్పాలి. జనం ఎక్కువ. గంటా రెండు గంటలు కూర్చోవాల్సి రావచ్చు. ముందు చిన్న డాక్టరు, అంటే పెద్ద చదువు చదువుతున్న డాక్టరు, వివరాలు రాసుకుంటాడు. తర్వాత పెద్ద డాక్టరు చూస్తాడు. అవసరమైతే కౌన్సెలింగ్ చేసే మనస్తత్వ నిపుణుల దగ్గరికి పంపుతారు. డాక్టరు మందు రాస్తాడు. కౌన్సెలరు మందు రాయడు, మాట్లాడిస్తాడు. కొందరికి మాటలు చాలు, కొందరికి మందు చాలు, చాలామందికి రెండూ కావాలి.

లోపల ఏమడుగుతారు?

ప్రశ్నలు చాలానే ఉంటాయి. ఎప్పటినుంచి ఇలా ఉంది? రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోంది? ఆకలి ఎలా ఉంది? బరువు తగ్గారా? మందు తాగుతారా, రోజుకు ఎంత? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా? భూమి ఎంత, అప్పు ఎంత? ఇంట్లో ఆలుమగల మధ్య మాటలున్నాయా?

వీటిలో కొన్ని ‘ఈయనకెందుకీ గొడవ’ అనిపిస్తాయి. పశువుల డాక్టరు గేదె ఏం మేసింది, ఎన్నిసార్లు నెమరేసింది అని అడిగితే కోప్పడతామా? ఇదీ అంతే. తాగుడు సంగతి మాత్రం అస్సలు దాచొద్దు. రోజూ తాగే మనిషి డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం దాకా పోవచ్చు. ఎలా మానాలో వాళ్లే చెబుతారు.

‘చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని కూడా అడుగుతారు. సూటిగానే అడుగుతారు. ఉలిక్కిపడొద్దు. వచ్చిన ప్రతివాళ్లనూ అడిగే ప్రశ్నే అది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన పెద్దలకు భయం. అది నిజం కాదు. లోపల కుమిలిపోతున్నవాడికి ఆ ప్రశ్న వినగానే గుండెమీది బండ కొంచెం జరిగినట్టుంటుంది. అనిపించి ఉంటే ‘అనిపించింది’ అని చెప్పండి.

మాట్లాడుతుంటే ఏడుపు రావచ్చు. మగాళ్లు ఎంతోమంది అక్కడ ఏడుస్తారు. ఎవరూ వింతగా చూడరు. ఏమీ చెప్పలేక ఊరుకున్నా ఫర్వాలేదు. ‘మాటలు రావడం లేదండీ’ అన్నా సరిపోతుంది. భార్యో, అన్నో వెంట ఉంటే వాళ్లతోనూ మాట్లాడతారు. అయితే కొంతసేపు మీతో ఒంటరిగా మాట్లాడాలని మీరే అడగవచ్చు. ఇంటి ఆడవాళ్లు వచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ కోడలు మనసు విప్పుతుంది?

మొదటి రోజు సగం కాలం ఈ అడగడం, చెప్పుకోవడంతోనే అయిపోతుంది. ‘ఇంతదూరం వచ్చాం, ఏం చేయలేదే’ అని నిరాశపడొద్దు. మట్టి నమూనా ఇచ్చిన రోజే ఎరువు చల్లం గదా! కౌన్సెలింగ్ ఒక్క విడతతో తేలేది కాదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి చొప్పున కొన్ని విడతలు పడుతుంది. మధ్యలో చిన్న చిన్న పనులు అప్పజెబుతారు. అప్పులన్నీ ఒక కాగితంమీద వడ్డీలతో సహా రాయండి అనొచ్చు. రోజూ ఫలానా టైముకు లేచి అరగంట నడవండి అనొచ్చు. చిన్న పనులేగా అని వదిలేయొద్దు. వైద్యంలో అవీ భాగమే.

మందులిస్తే...

దిగులుకు ఇచ్చే మందులు తలనొప్పి బిళ్లల్లాగా గంటలో పనిచేయవు. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, తల తిరగడం లాంటివి కొందరికి ఉంటాయి. అక్కడే చాలామంది ‘ఈ మందు పడలేదు’ అని మానేస్తారు. మరికొందరు నెల తిరిగేసరికి కాస్త తేలికపడగానే ‘తగ్గిందిగా’ అని మానేస్తారు. రెండూ తప్పే. డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు. పడకపోతే వెళ్లి చెబితే మారుస్తారు. ఈ మందులన్నీ అలవాటైపోతాయన్న మాటా నిజం కాదు. నిద్ర బిళ్లలు కొన్ని అలవాటయ్యే రకం. వాటినే మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవద్దనేది.

ఒకచోట మనిషి నచ్చకపోతే రెండోచోటికి వెళ్లండి. మొదటిసారి కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి హడావుడిగా ఉండొచ్చు, విసుక్కోవచ్చు. ఒక ట్రాక్టరు మెకానిక్కు సరిగా చేయలేదని ట్రాక్టరును మూలన పడేయం గదా.

కేసవుతుందా? ఊరంతా తెలుస్తుందా?

ఎక్కువమంది అడిగేవి ఈ రెండే. దిగులుగా ఉందని ఓపీకి వెళితే పోలీసులకేం పని? ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడ్డ మనిషి విషయంలో కూడా చట్టం మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఆ పని చేశాడనే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స అందించాలి అని దాని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను అసలు చేర్చలేదు. అధికారిచేత పని చేయించుకోవడానికో, ఆపడానికో ఆత్మహత్యాయత్నం చేయడం మాత్రం ఇప్పటికీ నేరమే. కలెక్టరాఫీసు ముందు డబ్బా పట్టుకుని నిలబడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక గుట్టు సంగతి. మీరు చెప్పింది బయటపెట్టకూడదని అదే చట్టం డాక్టరును కట్టడి చేసింది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనుకుంటే మాత్రం అవసరమైనవాళ్లకు చెబుతారు. మీ బ్యాంకుకు, సొసైటీకి, పిల్లకు సంబంధం చూస్తున్న వియ్యాలవారికి ఆస్పత్రి ఏమీ చెప్పదు. ఊళ్లో చెప్పేది మన పక్కింటివాళ్లే. కాబట్టి ఆ మాట మనం మానుకోవాలి.

అసలు ఆస్పత్రిదాకా వెళ్లలేనివాళ్లకు ఫోనుంది. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలిమానస్ అనే సేవ పెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పొలం గట్టుమీద కూర్చుని కూడా మాట్లాడుకోవచ్చు. ఈ కాగితం చించి గోడకు అంటించుకోండి.

గుడికి, దర్గాకు వెళ్లొద్దా?

నిక్షేపంగా వెళ్లండి. మన పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడి, బాజీబాబా దర్గా రెండూ ఉన్నాయి. ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. స్వామి ముందో, బాబా ముందో కూర్చుంటే మనసు నెమ్మదిస్తుంది. అది కూడా బలమే. ఎడ్ల కాలికి దెబ్బ తగిలితే మొక్కుకుంటాం, పశువుల ఆస్పత్రికీ తోలుకుపోతాం. మనిషికీ రెండూ చేద్దాం. గాలి సోకిందని చెప్పి కట్టేయడం, కొట్టడం మాత్రం పాపం. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పుడు మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని చట్టమే నిషేధించింది.

మాటలతో అప్పు తీరుతుందా?

రచ్చబండ దగ్గర ఈ మాట ఎత్తితే వచ్చే ప్రశ్న ఇదే. ‘వాళ్లేమన్నా అప్పు తీరుస్తారా? మిర్చికి రేటు ఇస్తారా?’ న్యాయమైన ప్రశ్నే. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్క ప్రకటించింది. గిట్టుబాటు కాని ధరకు మందు కౌన్సెలింగ్ కాదు, ధరే. రేటు అడిగిన రైతుకు ‘నీకు మనోధైర్యం లేదు’ అని నీతులు చెప్పే నాయకుడెవడైనా ఉంటే అతడిని నిలదీయాల్సిందే.

అయితే దీనికి రెండో పక్క కూడా ఉంది. ఒకే ఊళ్లో ఒకే పైరు పోయి, ఒకే ఎత్తు అప్పున్న ఇద్దరిలో ఒకడు ఎకరం అమ్మో, పిల్లాడిని పనికి పంపో నిలదొక్కుకుంటాడు. ఇంకొకడు చీకట్లో పడిపోతాడు. రెండోవాడు పిరికివాడని కాదు. దిగులు జబ్బు ముదిరితే ఉన్న దారులు కూడా కంటికి కనబడవు. బ్యాంకులో రీషెడ్యూలు అడగాలన్నా, పంటల బీమాకు అర్జీ పెట్టాలన్నా, షావుకారితో గట్టిగా మాట్లాడాలన్నా ముందు నిద్రపోయిన మనిషి కావాలి. కౌన్సెలింగ్ అప్పు తీర్చదు. అప్పుతో పోట్లాడే మనిషిని నిలబెడుతుంది.

తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ ఈ రెండిటినీ కలిపింది. ఫోను చేసిన రైతు గోడు వింటారు. అంతటితో ఆగకుండా పాస్‌బుక్కు రాలేదంటే రెవెన్యూవాళ్ల దగ్గరికి, పంట నష్టం అంటే వ్యవసాయ శాఖ దగ్గరికి ఆ సమస్య తీసుకుపోతారు. రైతుకు కావాల్సిన కౌన్సెలింగ్ ఇదీ.

విదర్భలోని అమరావతి జిల్లాలో 30 పత్తి గ్రామాల్లో ఊరి మనుషులకే తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపారు. దిగులు జబ్బున్నవాళ్లలో వైద్యానికి వచ్చేవాళ్లు అంతకుముందు నూటికి నలుగురు. ఏడాదిన్నరలో అది 27కు చేరింది. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఇంకో పని చేశాడు. డాక్టర్లు లేరని ఊరుకోకుండా ఊళ్లలోని అవ్వలకు నేర్పించి ఆస్పత్రి ఆవరణలో బల్ల వేసి కూర్చోబెట్టాడు. వాళ్ల భాషలో ఈ జబ్బు పేరుకు అర్థం ‘అతిగా ఆలోచించడం’. మన నాయనమ్మ ‘ఊరికే ఆలోచన పెట్టుకోకురా అబ్బాయ్’ అంటుందే, అదే మాట. ఆ అవ్వల వైద్యం బాగా పనిచేసిందని 2016లో పరీక్షించి తేల్చారు. మన రచ్చబండలకు ఆ మాత్రం పనికిరాదా?

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

మనిషి మౌనంగా ఉంటున్నాడు, వస్తువులు పంచిపెడుతున్నాడు, ‘నేను లేకపోతే మీరు సుఖపడతారు’ అంటున్నాడు. అది బెదిరింపు అని తీసిపారేయొద్దు. ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పి లేచిపోవద్దు. పక్కన కూర్చోండి. చెప్పేది వినండి. మర్నాడే ఆస్పత్రికి తోడుగా వెళ్లండి. ఒంటరిగా వదలొద్దు.

రెండో పని, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. మంచం కింద, వసారా చూరులో పెట్టుకోవడం మన అలవాటు. తాళం వేసిన పెట్టెలో పెట్టి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలి. మిగిలిన మందు ఇంటికి తేకుండా అవసరమైనంతే కొనాలి. ఆ ఆవేశం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంక 1990ల్లో అతి విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించింది. 1995 తర్వాత పదేళ్లలో అక్కడ ఆత్మహత్యలు దాదాపు సగానికి తగ్గాయి. పంటలకేమీ నష్టం రాలేదు.

సర్కారు చేయాల్సింది

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ ఒకటి. ముప్పై ఏళ్లు కావస్తున్నా అలాంటి కార్యక్రమం ఒకటుందని మన రైతుకు తెలియదంటే తప్పు రైతుది కాదు. రైతు ఆస్పత్రికి రావాలని కూర్చుంటే రాడు. రైతు వచ్చే చోట కౌన్సెలరు కూర్చోవాలి. మిర్చి యార్డులో సీజను మూడు నాలుగు నెలలు ఒక గది ఇవ్వాలి. పీహెచ్‌సీలో నెలకోసారైనా మానసిక వైద్యుడు రావాలి. రైతు సేవా కేంద్రం ఉద్యోగికి, ఆశా కార్యకర్తకు దిగులు లక్షణాలు గుర్తుపట్టే తర్ఫీదు ఇవ్వాలి. కౌలు రైతు ఇంటికి ముందు వెళ్లాలి. కాగితం లేనివాడి చావు లెక్కకు రాదు. కనీసం బతుకైనా లెక్కకు రావాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. రెండు వారాలుగా నిద్ర లేదా? పొలం మొహం చూడబుద్ధి కావడం లేదా? రేపు సోమవారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కండి. ఒక్కరే వెళ్లలేకపోతే బామ్మర్దినో, పక్క పొలం అన్ననో తోడు రమ్మనండి. ఎందుకని అడిగితే ‘ఆకు చూపించుకోవడానికి’ అని చెప్పండి, అర్థమవుతుంది.